ఉల్లిపొరక సాగు కాలనిర్ణయం

ఉల్లిపొరక లేదా ఉల్లికాడలు అనగా గడ్డ ఊరకముందే ఆకులతో సహా పీకి కూరకు వాడే లేత ఉల్లి మొక్కలు. శీతల దేశాలలో ఈ పంటను ఎప్పుడు నాటాలో ఆ ఊరి తుహిన తేదీలను (నేల మీద మంచు గడ్డకట్టే కాలపు మొదటి, చివరి తేదీలను) బట్టి నిర్ణయిస్తారు. తెలంగాణ రాష్ట్రం, రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన కోనరావుపేట మండలంలో గాని, దానికి ఉత్తరాన ఉన్న కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో గాని తుహినం పంటకాలాన్ని శాసించదు. ఇక్కడ ఉల్లిపొరక సాగుకు హద్దులు గీసేవి వేరే రెండు తేదీలు. ఒకటి వానలు వెనుదిరిగే తేదీ, రెండవది ఎండలు ముదిరే తేదీ. ఈ రెండింటి మధ్య గల కాలమే ఈ ప్రాంతపు అసలైన ఉల్లిపొరక కాలం. రైతులు దీనిని తరతరాలుగా కార్తెల పేర్లతో గుర్తుపెట్టుకుంటున్నారు.

పేర్లు

తెలంగాణలో ఉల్లిపాయను ఉల్లిగడ్డ అని, దాని పచ్చి ఆకును ఉల్లిపొరక లేదా ఉల్లాకు అని వ్యవహరిస్తారు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఉల్లికాడలు అనే పేరు ఎక్కువగా వినిపిస్తుంది. వృక్షశాస్త్రంలో సాధారణ ఉల్లి పేరు ఏలియం సెపా. చైనా, జపాను దేశాలలో పొరక కొరకే పెంచే గడ్డ ఊరని ఉల్లి వేరొక జాతి. దాని పేరు ఏలియం ఫిస్టులోసం. మన సంతలలో ఉల్లిపొరక పేరుతో అమ్మేది సాధారణంగా మొదటి జాతికి చెందిన లేత మొక్కయే.

మంచు - తుహినం

తెలుగులో మంచు అనే ఒకే మాట అనేక విషయాలకు వాడుకలో ఉన్నది. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే నీటిబొట్లు, దారి కనబడకుండా కమ్ముకొనే పొగ, హిమాలయాల మీద కురిసే హిమం, గాజు గ్లాసులో వేసుకొనే గడ్డ, అన్నీ మంచే. భూగోళశాస్త్ర పాఠాలలో వీటికి వేరువేరు పేర్లు కలవు. నీటిబొట్లుగా ఏర్పడేది తుషారం. గాలిలో తేలే సూక్ష్మ బిందువుల పొర పొగమంచు. ఆకాశం నుండి రాలేది హిమం. నేలను, ఆకులను అంటుకొని స్ఫటికాలుగా గడ్డకట్టేది తుహినం.

ఈ భేదం సాగుదారుకు ముఖ్యమైనది. విత్తనాల పొట్లాలపైనా, విదేశీ తోటపని పుస్తకాలలోనూ "చివరి మంచు తరువాత విత్తండి" అని ఉంటే అక్కడి మంచుకు అర్థం తుహినం. కోనరావుపేటలో పుష్యమాసపు ఉదయాన కనిపించేది తుషారం, పొగమంచు. ఆ సలహాను మన పొగమంచుకు అన్వయించుకొని, శివరాత్రికి చలి పోయిన తరువాత ఉల్లి నాటిన వారికి మిగిలేది ఎండకాలం మాత్రమే.

తుహిన తేదీలు

ఆకాశంలో మబ్బులు లేకుండా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా ఆకాశంలోకి కోల్పోతుంది. అప్పుడు నేలను ఆనుకొని ఉన్న ఆకుల ఉష్ణోగ్రత, మనిషి ఎత్తులో కొలిచే గాలి ఉష్ణోగ్రత కన్నా కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటుంది. అందువలన గాలి ఉష్ణోగ్రత 2, 3 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు కూడా ఆకుపై తుహినం ఏర్పడవచ్చు. చల్లగాలి బరువైనది కనుక పల్లానికి జారుతుంది. అందుచేత ఒకే ఊరిలో మెరక కన్నా లోయలో తుహినం ముందుగా పడుతుంది.

శీతల దేశాల వాతావరణ శాఖలు సాధారణంగా 30 ఏళ్ళ కొలతలను సరాసరి చేసి రెండు తేదీలను ప్రకటిస్తాయి. చలికాలం చివర తుహినం ఆఖరుసారి పడే సగటు తేదీ ఒకటి. తిరిగి చలికాలం మొదట తొలిసారి పడే సగటు తేదీ రెండవది. సగటు తేదీ అంటే ఆ రోజు దాటితే అపాయం లేదని అర్థం కాదు. సుమారు సగం సంవత్సరాలలో ఆ తేదీ తరువాత కూడా తుహినం పడుతుందని అర్థం. ఉల్లి కొద్దిపాటి తుహినాన్ని తట్టుకోగలదు కాబట్టి అక్కడివారు దానిని చివరి తుహిన తేదీకి నాలుగు నుండి ఆరు వారాల ముందే నాటుతారు. టమాటా, వంకాయ, బెండ వంటివి ఆ తేదీ దాటిన తరువాతనే నాటుతారు.

తెలుగు నేలపై తుహినం

తెలుగు రాష్ట్రాలలో తుహినానికి దగ్గరగా వచ్చే చోట్లు కొద్దిగానే ఉన్నాయి. వాటిలో పేరుపొందినది అల్లూరి సీతారామరాజు జిల్లా (2022కు పూర్వం విశాఖపట్నం జిల్లా) చింతపల్లి మండలంలోని లంబసింగి. తూర్పు కనుమలలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున గల ఈ ఊరిలో కొన్ని శీతాకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు పడిపోతుంది. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూర్ (యు), తిర్యాణి వంటి అటవీ మండలాలలో శీతలగాలులు వీచినప్పుడు 5 డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రతలు నమోదైన సందర్భాలు కలవు. దక్షిణ భారతంలో తుహినాన్ని ఏటేటా చూసే ప్రాంతం తమిళనాడులోని నీలగిరులు. అక్కడ తేయాకు, కూరగాయల రైతులు శీతాకాలంలో తుహినాన్ని ఎదుర్కొంటూనే ఉంటారు.

కోనరావుపేట వీటిలో దేనికీ చెందదు. దక్కను పీఠభూమిపై సుమారు 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న ఈ మండలంలో శీతలగాలుల రోజులలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు అటూ ఇటూగా దిగుతుంది. చలి గట్టిగానే ఉంటుంది గాని, ఉల్లి ఆకును గడ్డకట్టించేంత కాదు.

కోనరావుపేట శీతోష్ణస్థితి

కోనరావుపేట 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. ఈ ప్రాంతపు వాగులలో ముఖ్యమైనది మూలవాగు. ఇది వేములవాడ మీదుగా ప్రవహించి మానేరులో కలుస్తుంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా మండలంలోని మల్కపేట వద్ద 3 టీఎంసీల సామర్థ్యం గల జలాశయాన్ని నిర్మించారు. అయినప్పటికీ పెరటి మడులకు, చిన్న కూరగాయల చెలకలకు బావి, బోరు నీరే ప్రధాన ఆధారం.

ఇక్కడి సంవత్సరాన్ని ఉల్లి దృష్టితో మూడు భాగాలు చేయవచ్చు.

వానకాలం: నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ నెల మొదటి సగంలో ప్రవేశించి అక్టోబరు మధ్యకు వెనుదిరుగుతాయి. ఏటి వానలో అధికభాగం జూన్-సెప్టెంబరు నెలలలోనే కురుస్తుంది. గాలిలో తేమ ఎక్కువ. నేలలో నీరు నిలిచే ప్రమాదం కలదు.

చలికాలం: అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు. ఆకాశం తేటగా, రాత్రులు చల్లగా, పగలు హితకరంగా ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలలలో ఉదయం పొగమంచు కమ్ముతుంది.

ఎండకాలం: మార్చి నుండి జూన్ మొదటి వారం వరకు. ఏప్రిల్ నుండి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు మొదలవుతాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో అకాల వర్షాలు, రాళ్ళవానలు కూడా పడుతుంటాయి. 2023 మార్చిలో పడిన రాళ్ళవానల వలన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పంటలు దెబ్బతిన్నాయి. బోలుగా ఉండే ఉల్లి ఆకు రాళ్ళదెబ్బకు విరిగిపోతుంది. గడ్డ కొరకు పెంచిన పంటలో కొంత మిగలవచ్చు గాని, పొరక కొరకు పెంచిన మడిలో అమ్మకానికి ఏమీ మిగలదు.

శీతల దేశాలలో పంటకాలం చివరి తుహినానికి, తొలి తుహినానికి మధ్య ఉంటుంది. ఇక్కడ ఉల్లిపొరక కాలం చివరి వానకు, తొలి వడగాలికి మధ్య ఉంటుంది. అక్టోబరు మధ్య నుండి ఏప్రిల్ మొదటి వరకు లెక్కిస్తే ఇది సుమారు 165 రోజులు.

ఉల్లిపై వేడి, చలి ప్రభావం

మొలక: ఉల్లి గింజ మొలవడానికి నేల 20 నుండి 25 డిగ్రీల వేడితో ఉండటం మంచిది. అప్పుడు సుమారు వారం రోజులలో మొలక పైకి వస్తుంది. నేల 10 డిగ్రీలకు చల్లబడితే రెండు వారాలు లేదా అంతకన్నా ఎక్కువ పడుతుంది. 35 డిగ్రీలు దాటితే మొలిచే గింజల సంఖ్య బాగా తగ్గుతుంది. ఉల్లి గింజ మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతుంది. సాధారణ నిలువలో ఏడాది దాటిన గింజను నమ్మరాదు. అందుచేత కాలం తప్పి విత్తి మొలక చెడిన రైతు, మిగిలిన గింజను మరుసటి ఏడు వాడుకొనే అవకాశం కూడా తక్కువ.

పూత: ఉల్లి స్వభావరీత్యా రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు గడ్డ, రెండవ ఏడు పూత. అయితే కాస్త బలిసిన మొక్కకు కొన్ని వారాలపాటు 10-13 డిగ్రీల చలి తగిలితే అది ముందుగానే పూల కాడను తీస్తుంది. పూల కాడ గట్టిపడిన మొక్క పొరకకు పనికిరాదు. గడ్డలను నాటి పెంచిన పొరకలో ఈ సమస్య మరింత ఎక్కువ. అక్టోబరు, నవంబరు నెలలలో నాటిన గడ్డలు జనవరి, ఫిబ్రవరి నెలలలో పూస్తాయి. ఉల్లి విత్తనం పండించే రైతులకు ఇది కావలసిన గుణం, పొరక పెంచేవారికి అక్కరలేని గుణం. కాబట్టి ఈ కాలంలో నాటిన గడ్డల పొరకను పూల కాడ రాకముందే, అంటే నాటిన నలభై, యాభై రోజులలో, పీకివేయాలి. పెద్ద గడ్డల కన్నా చిన్న గడ్డలలో పూత తక్కువ.

పగటి పొడవు: ఉల్లి గడ్డ ఊరడం పగటి పొడవుపై ఆధారపడుతుంది. కోనరావుపేట అక్షాంశంలో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు, జూన్ చివర సుమారు 13 గంటల 15 నిమిషాలు. మన దేశపు మైదాన ప్రాంతాల ఉల్లి రకాలు తక్కువ పగటికి అలవాటుపడినవి. ఉత్తర అమెరికా, ఐరోపాల ఉత్తర భాగాలలో పెంచే రకాలకు 14 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పగలు కావాలి. అటువంటి విత్తనాన్ని బంధువులు అమెరికా నుండి తెచ్చి ఇస్తే ఇక్కడ అది సరిగా గడ్డ ఊరదు. పొరకకు మాత్రం ఇది లోపం కాదు.

పొగమంచు, ఆకుమచ్చ

డిసెంబరు, జనవరి నెలలలో ఉల్లి ఆకుల కొనలు ఎండి, ఊదా రంగు మచ్చలు పడినప్పుడు "మంచుకు కాలింది" అనడం పల్లెలలో వాడుక. ఇది తుహినం పని కాదు. పొగమంచు, తుషారం వలన ఆకు చాలాసేపు తడిగా ఉండి, ఆ తడిలో శిలీంధ్రాలు పెరగడం వలన కలిగే ఆకుమచ్చ తెగులు ఇది.

కారణాన్ని పొరబడితే చికిత్స కూడా పొరపాటవుతుంది. తుహినం పడే దేశాలలో సాయంత్రం మడిని తడిపి, రాత్రికి గడ్డితో గాని గుడ్డతో గాని కప్పమని చెబుతారు. తడి నేల వేడిని నిలుపుకుంటుంది, కప్పు ఆ వేడిని పోనివ్వదు. కోనరావుపేటలో అదే పని చేస్తే ఆకుపై తడి మరింతసేపు నిలిచి తెగులు పెరుగుతుంది. ఇక్కడ చేయవలసినది దీనికి వ్యతిరేకం. ఉదయం పూట, ఆకు మీద కాక మొదట్లో నీరు పెట్టాలి. మొక్కల మధ్య గాలి ఆడేలా ఎడం ఉంచాలి. తెగులు సోకిన ఆకులను ఏరి మడికి దూరంగా వేయాలి.

కార్తెలు

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు. కార్తెలు సూర్యుని బట్టి లెక్కించబడతాయి కనుక ఇంగ్లీషు తేదీలతో దాదాపు ఏటా ఒకేలా సరిపోతాయి. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో ప్రవేశిస్తాయి.

పండుగలకు ఈ స్థిరత్వం లేదు. అవి చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. "దీపావళికి నారు పోయాలి" అని గుర్తుపెట్టుకున్న వారి నారుమడి మూడేళ్ళలోనే మూడు వారాలకు పైగా జరిగిపోతుంది. ఉల్లికి మూడు వారాలు చిన్న తేడా కాదు. సంక్రాంతి మాత్రం సూర్యమానపు పండుగ కనుక జనవరి 14 లేదా 15నే వస్తుంది.

కార్తెలకు కూడా ఒక పరిమితి కలదు. అవి నక్షత్రాలకు కట్టుబడినవి, ఋతువులకు కాదు. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వలన (అయన చలనం) కార్తెలు ఋతువులతో పోల్చితే సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున వెనుకబడుతున్నాయి. అనగా సుమారు వెయ్యేళ్ళకు ఒక కార్తె జరుగుతుంది. ఒక రైతు జీవితకాలంలో ఇది లెక్కలోకి రాదు. ఏటేటా మారే ఋతుపవనాల రాకపోకలు ఇంతకన్నా పెద్ద తేడాను తెస్తాయి. కాబట్టి కార్తెను మొదటి సూచనగాను, ఆ ఏటి వానను తుది తీర్పుగాను తీసుకోవడం మంచిది.

కార్తెలవారీగా ఉల్లిపొరక సాగు

మృగశిర నుండి ఆశ్లేష వరకు (జూన్ 8 - ఆగస్టు 16): ఎత్తు మడులలో మాత్రమే వీలవుతుంది. నీరు నిలిస్తే నారు కుళ్ళిపోతుంది. ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, అర్కా కల్యాణ్, భీమా సూపర్ వంటి వానకాలపు రకాలు అనుకూలం. పంట నిలిస్తే మంచి ధర పలికే అవకాశం ఉన్నది గాని, నిలవడమే కష్టం.

మఖ, పుబ్బ, ఉత్తర (ఆగస్టు 17 - సెప్టెంబరు 26): వానలు ఇంకా ఉంటాయి. నేల నీరు ఇంకే ఎర్ర చెలకలలో ప్రయత్నించవచ్చు. నల్లరేగడిలో మంచిది కాదు.

హస్త, చిత్త (సెప్టెంబరు 27 - అక్టోబరు 23): చలికాలపు పంటకు నారు పోయడానికి అనువైన సమయం. నేల ఇంకా వెచ్చగా ఉండి గింజ త్వరగా మొలుస్తుంది. అడపాదడపా వానలు పడతాయి కనుక నారుమడి ఎత్తుగా ఉండాలి. అర్కా నికేతన్, అగ్రిఫౌండ్ లైట్ రెడ్ వంటి యాసంగి రకాలు వాడతారు.

స్వాతి, విశాఖ, అనూరాధ (అక్టోబరు 24 - డిసెంబరు 2): నారు నాటడానికైనా, గడ్డలు నాటడానికైనా ఏడాదిలో అన్నిటికన్నా మంచి కాలం. వరి కోసిన మడులు ఈ సమయానికి ఖాళీ అవుతాయి.

జ్యేష్ఠ నుండి ఉత్తరాషాఢ వరకు (డిసెంబరు 3 - జనవరి 23): నాటవచ్చు గాని పెరుగుదల నెమ్మదిస్తుంది. గింజ విత్తితే మొలక ఆలస్యమవుతుంది. ఆకుమచ్చపై కన్ను వేసి ఉండాలి.

శ్రవణం నుండి శతభిషం వరకు (జనవరి 24 - మార్చి 3): గడ్డలతో పెంచే చివరి విడత. శతభిషం దాటకుండా నాటితే ఎండలు ముదిరే నాటికి పంట చేతికి వస్తుంది. ఎండ పెరిగేకొద్దీ తామర పురుగులు ఎక్కువవుతాయి. ఇవి ఆకు రసం పీల్చడం వలన ఆకులపై వెండిలాంటి చారలు పడతాయి.

పూర్వాభాద్ర నుండి రోహిణి వరకు (మార్చి 4 - జూన్ 7): నీడ, నిత్యం నీరు ఉన్న పెరటి మడిలో కొద్దిగా పెంచుకోవడమే గాని, అమ్మకానికి పెంచడం లాభదాయకం కాదు. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని నానుడి.

పై తేదీలు ఒక రోజు అటూ ఇటూ కావచ్చు.

వెనుకకు లెక్కించే పద్ధతి

తుహిన తేదీల నుండి నేర్చుకోదగిన మంచి విషయం ఒకటి కలదు. అది తేదీ కాదు, లెక్కించే పద్ధతి. పంట ఏనాటికి కావాలో ముందు నిర్ణయించుకొని, అక్కడి నుండి వెనుకకు రోజులు లెక్కించడం. దీనికి కావలసిన అంకెలు ఇవి:

గడ్డ నాటిన తరువాత పొరకకు సుమారు 40 రోజులు.
నారు నాటిన తరువాత పొరకకు సుమారు 55 రోజులు.
గింజ నుండి నారు సిద్ధమవడానికి 40 నుండి 45 రోజులు.
పంట చలి మధ్యలో పెరగవలసి ఉంటే అదనంగా ఒక వారం.

ఉదాహరణకు సంక్రాంతి (జనవరి 14) సంతకు పొరక కావాలనుకుందాం. గడ్డలతో పెంచేవారు 40 రోజులకు ఒక వారం కలిపి, 47 రోజులు వెనుకకు వెళితే నవంబరు 28 వస్తుంది. అది అనూరాధ కార్తె. నారుతో పెంచేవారు 55 రోజులకు ఒక వారం కలిపి 62 రోజులు వెనుకకు వెళితే నవంబరు 13, విశాఖ కార్తె. ఆ నారుకు మరి 43 రోజులు ముందు, అనగా అక్టోబరు 1న, హస్త కార్తెలో నారు పోయాలి. హస్తలో వానలు పూర్తిగా తగ్గవు కనుక నారుమడిని కాపాడుకోవలసి ఉంటుంది. దసరా సెలవుల తరువాత చూద్దామనుకున్నవారి పొరక సంక్రాంతికి అందదు.

అలాగే ఎండకాలపు హద్దు నుండి కూడా లెక్కించవచ్చు. ఏప్రిల్ 10 నాటికి మడి ఖాళీ చేయాలనుకుంటే గడ్డలను ఫిబ్రవరి చివరిలోగా నాటాలి.

ఒకేసారి మడి అంతా నాటక, పది, పదిహేను రోజుల ఎడంతో కొద్దికొద్దిగా నాటడం పొరకకు అనువైన పద్ధతి. కార్తెకు ఒక మడి అని పెట్టుకుంటే గుర్తుంచుకోవడం సులభం. ఒక మడి వానకో, తెగులుకో పోయినా తక్కినవి మిగులుతాయి. వారం వారం సంతకు నాలుగు కట్టలు తీసుకువెళ్ళే కుటుంబానికి ఒకనాటి పెద్ద దిగుబడి కన్నా ఈ నిలకడ విలువైనది.

మడి తయారీ, నాటడం

నారుమడిని సుమారు ఒక మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తుతో కట్టాలి. బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. చివకని పెంట నారుకు కీడు చేస్తుంది. గింజలను వరుసలలో పలుచగా, ఒక సెంటీమీటరు లోతులో విత్తి, సన్నని మట్టితో గాని ఎరువుతో గాని కప్పి, మొలక వచ్చేవరకు గడ్డి పరచాలి. మొలక కనిపించగానే సాయంత్రం పూట గడ్డి తీసివేయాలి. గడ్డ కొరకైతే మొక్కలను 15 సెంటీమీటర్ల వరుసలలో 10 సెంటీమీటర్ల ఎడంతో నాటుతారు. పొరకకు ఇంతకన్నా దగ్గరగా నాటవచ్చు. గడ్డలను నాటేటప్పుడు మెడ పైకి కనబడేంత లోతే ఉంచాలి.

ఉల్లి వేళ్ళు లోతుకు పోవు. అందుచేత ఎక్కువ నీరు ఒకేసారి పెట్టడం కన్నా తక్కువ నీరు తరచుగా పెట్టడం మేలు.

స్థానిక తేదీలను తెలుసుకోవడం

ప్రతి ఊరికీ, ఒక్కొక్కసారి ప్రతి మడికీ, తనదైన తేదీ ఉంటుంది. మూలవాగు ఒడ్డున పల్లపు మడి, ఊరి ఇళ్ళ మధ్య పెరడు కన్నా రాత్రి చల్లగా ఉంటుంది. తుషారం ఆలస్యంగా ఆరుతుంది. ఇళ్ళ గోడల నుండి వచ్చే వేడి వలన పెరటి మడిలో పొరక కొన్ని రోజులు ముందుగా ఎదుగుతుంది.

ఒక నోటు పుస్తకంలో ఏటా నాలుగు తేదీలు రాసుకుంటే కొన్నేళ్ళలో ఆ మడికి తగిన పట్టిక తయారవుతుంది. అవి చివరి పెద్ద వాన పడిన రోజు, మొదటి పొగమంచు ఉదయం, మొదటి పూల కాడ కనిపించిన రోజు, ఆకు కొనలు ఎండకు వాడడం మొదలైన రోజు. శీతల దేశాల తుహిన పట్టికలు కూడా ఇటువంటి ఓపికైన నమోదుల నుండే పుట్టాయి.

వాతావరణ సమాచారానికి ప్రభుత్వ ఆధారాలు కూడా కలవు. భారత వాతావరణ శాఖ గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వ్యవసాయ వాతావరణ సూచనలను మంగళ, శుక్రవారాలలో వెలువరిస్తారు. 2019లో ప్రారంభమైన మేఘదూత్ అనే మొబైల్ అనువర్తనంలో ఇవి తెలుగులో కూడా లభిస్తాయి. ఉత్తర తెలంగాణ పంటలపై జగిత్యాల సమీపంలోని పొలాసలో గల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం కృషి చేస్తున్నది. ఇది ఆచార్య జయశంకర్ పేరిట 2014లో ఏర్పడిన తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది.

ప్రవాస తెలుగువారి పెరడులు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు పెరటిలో గోంగూర, బచ్చలి, సొరతోపాటు ఉల్లికాడలు పెంచడం సాధారణం. వారికి తుహిన తేదీలు నిజంగానే అవసరం. టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ ప్రాంతంలో చివరి తుహినం సగటున సుమారు మార్చి మధ్యలో, తొలి తుహినం నవంబరు మూడవ వారం ప్రాంతంలో వస్తుంది. అక్కడ ఉల్లి నారును జనవరి చివర, ఫిబ్రవరిలో నాటుతారు. న్యూజెర్సీ మధ్య భాగంలో చివరి తుహినం సుమారు ఏప్రిల్ నెలాఖరు వరకు ఉంటుంది కనుక ఉల్లిని మార్చి చివర, ఏప్రిల్ మొదట నాటుతారు. గోంగూరకు ఈ తొందర పనికిరాదు. అది చలికి ఓర్వదు కనుక మే నెల వరకు ఆగవలసి ఉంటుంది.

డల్లాసులో ఉల్లి నాటే ఫిబ్రవరి కోనరావుపేటలో చివరి విడత నాటే నెల. న్యూజెర్సీలో ఉల్లి నాటే ఏప్రిల్ ఇక్కడ మడి ఖాళీ చేసే నెల. ఊరిలోని తల్లిదండ్రులకు ఫోనులో తోటపని సలహా చెప్పేవారు గాని, ఊరి నుండి సలహా అడిగేవారు గాని ఈ తేడాను గమనించాలి. తేదీలు ఒక చోటి నుండి మరొక చోటికి పనికిరావు. రోజుల లెక్క మాత్రం పనికివస్తుంది.

వినియోగం

ఉల్లిపొరకను ఈ ప్రాంతంలో పప్పులోనూ, కోడిగుడ్డుతోనూ, మాంసంతోనూ వండుతారు. బియ్యపు పిండిలో ఉల్లిపొరక, నువ్వులు, శనగపప్పు, కారం కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే సర్వపిండి కరీంనగర్, వరంగల్ ప్రాంతాల ప్రసిద్ధ వంటకం. పొరక పీకిన రోజే వాడితే రుచి. నిలువ ఉంచితే ఆకు వడలి, పసుపుబారుతుంది. గడ్డలా దీనిని నెలల తరబడి దాచలేరు. అందువలననే ఉల్లిపొరకకు కాలనిర్ణయం గడ్డ పంట కన్నా ముఖ్యమైనది. గడ్డ పండించిన రైతు కొంతకాలం ధర కొరకు వేచి ఉండగలడు, పొరక పండించిన రైతు వేచి ఉండలేడు.

ఇవి కూడా చూడండి

ఉల్లి
కార్తెలు
కోనరావుపేట మండలం
నైరుతి ఋతుపవనాలు
లంబసింగి
సర్వపిండి